బాగుంది అని రాయకూడదు

పోయిన నవంబర్లో, 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి గదా, అప్పుడు మా లైబ్రరీలో ఒక రాక్ ఖాళీ చేసినాం. తలుపుకి ఎదురుగా పేపర్ల స్టాండు పక్కన ఉండే పాత చెక్క రాక్ అది, మూడు అరలు, పై అర నా భుజం ఎత్తుంటుంది. ఎన్నేళ్ళ నుంచో దాంట్లో తాళ్ళతో కట్టిన గెజిట్లూ, ఎండిపోయిన ఇంకు సీసాలూ, ఎవురూ అడగని రిజిస్టర్లూ ఉండేవి, అవన్నీ లోపలి గదిలోకి మోసి, తడిగుడ్డతో తుడిచి, మేం నలుగురం చదివినవి, చూసినవి, విన్నవి అక్కడ పెట్టడం మొదలుపెట్టినాం. ఈ రాక్ గురించి రాయాలని చానా రోజుల నుంచి అనుకుంటా ఉన్నా, ఇప్పటికి కుదిరింది.

నేను తిరుపతిలో ఒక లైబ్రరీలో పనిచేస్తా, ఔట్‌సోర్సింగ్ మీద. పేరొద్దులే. మేం నలుగురం. లైబ్రేరియన్ మేడం, నేను, అటెండరన్న, రాత్రి కాపలా ఉండే తాత. మా దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు, పొద్దన 8కి తాళం తీసేసరికే గేటు దగ్గర పిల్లోళ్ళు నిలబడి ఉంటారు, డీఎస్సీ వాళ్ళు, గ్రూప్-2 వాళ్ళు, బ్యాంకు పరీక్షల వాళ్ళు, ఫ్యాను కింద సీటు కోసం వాటర్ బాటిలో, కర్చీఫో ఏదోటి కిటికీలోంచే వేసేస్తారు. వాళ్ళ పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుంటారు. హాల్లో కూర్చోడానికి చోటుండదు, అరల మధ్యకి పోతే మాత్రం ఒక్క మనిషి ఉండడు. 894.827 అని అట్టల మీద రాసి ఉండే వరసంతా తెలుగు సాహిత్యం, అక్కడ ట్యూబులైటు రెండు నెలలు వెలక్కపోయినా ఒక్కరూ వచ్చి చెప్పలా. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధే.

అట్లని అడిగేవాళ్ళు లేరని కాదు. "అక్కా, మంచి పుస్తకం ఏదైనా ఇయ్యక్కా" అని వారానికి నలుగురైదుగురు అడుగుతానే ఉంటారు, నేనేమో చెయ్యి చూపించి "ఆ రెండో వరసలో నవలలు ఉంటాయి చూసుకో నాయనా" అనేదాన్ని. వాళ్ళు పొయ్యి రెండు నిముషాలు నిలబడి, వేలితో నాలుగు అట్టలు వెనక్కి లాగి చూసి, మళ్ళా తోసేసి వచ్చేస్తారు. అయిదేళ్ళు అట్లానే చెప్పినా. అది సమాధానం కాదని నాకు తట్టనే లేదు.

వారోత్సవాలకి ఏమన్నా కొత్తగా చేద్దామని నేనే ఒక లిస్టు తయారుచేసినా. తప్పక చదవాల్సిన 40 పుస్తకాలు అని డీటీపీలో కొట్టించి, లామినేషన్ చేయించి, నోటీసుబోర్డులో పెట్టినా. మూడు రోజులకి దాని మీద ఎవరో కోచింగ్ సెంటర్ పాంప్లెట్ అంటించేసినారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. మేడం చూసి, పాంప్లెట్ పీకేసి, నా లిస్టు కూడా తీసేసి చేతికిచ్చింది. "లిస్టు కావాలంటే కేటలాగ్ ఉంది గదా, దాంట్లో ఇంకా జాస్తి ఉన్నాయి. వీటిల్లో నువ్వు చదివినవి ఎన్ని?" అనింది. లెక్కపెట్టుకుంటే 11. మిగతావి పేరు విన్నవే. "ఆ 11 లో నువ్వు మీ చెల్లెలికి ఇచ్చేవి ఎన్ని?" అనింది. మూడు.

ఆ మూడుతోనే రాక్ మొదలైంది.

మేడం పెట్టిన షరతులు గట్టివి. మొత్తం చదవనిదీ చూడనిదీ పెట్టకూడదు. ఎవరి కోసం పెడతా ఉన్నామో ఆ మనిషిని మనసులో పెట్టుకుని రాయాల. అన్నిటికన్నా ముఖ్యంగా బాగుంది అని రాయకూడదు, అద్భుతం, హృదయాన్ని తాకింది, ఇట్లాంటివి ఏవీ రాయకూడదు, లోపల ఏముందో ఒక్క సంగతి రాయాల. రాయడానికి కాగితం కూడా తనే ఇచ్చింది. కంప్యూటర్ కేటలాగ్ వచ్చినాక మిగిలిపోయిన పాత కేటలాగ్ కార్డులు మా బీరువాలో కట్టలు కట్టలు ఉన్నాయి, ఐదు అంగుళాల పొడుగు, మూడు అంగుళాల వెడల్పు, కింద మధ్యలో కమ్మీ దూర్చడానికి గుండ్రటి చిల్లు. వాటి వెనక్కి తిప్పి రాసుకోమనింది. ఆ కార్డు మీద ఆరు వరసలకన్నా పట్టవు, చిల్లు దగ్గరికొచ్చేసరికి ఆపాల్సిందే. చోటు తక్కువ కాబట్టి ఊరికే వచ్చే మాటలన్నీ వాటంతటవే పోతాయి.

నా మొదటి కార్డు నామిని "పచ్చనాకు సాచ్చిగా" మీద. ఆరు వరసలు రాయడానికి నాలుగు కార్డులు ఖరాబు చేసినా. నేను చదివిన స్కూల్లో "ఉండాది" అన్నా, "పోతాండా" అన్నా తెలుగు అయ్యవారు గోడకి నిలబెట్టేవాడు, మాట్లాడే పద్ధతి ఇది కాదని. ఇంట్లో మాయమ్మ, మా జేజి అందరూ మాట్లాడేది ఆ మాటే, మరి వాళ్ళంతా తప్పు మాట్లాడతా ఉన్నారేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు. డిగ్రీలో ఉన్నప్పుడు ఈ పుస్తకం దొరికింది, లోపల చదవకముందే అట్ట మీదే ఆగిపోయినా. సాక్షి అని లేదు. సాచ్చి అని ఉంది. మా జేజి ఎట్లా అంటుందో అట్లా, అచ్చులో, పెద్ద అక్షరాల్లో. ఆ ఒక్క అక్షరం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. కార్డు మీద చివరికి ఇది రాసినా: "ఇంట్లో ఒక తెలుగు, బళ్ళో ఒక తెలుగు మాట్లాడి పెరిగినోళ్ళ కోసం. మన చిత్తూరు జిల్లా మాట మార్చకుండా రాసినాడు. అట్ట మీద రెండో మాట గట్టిగా చదవండి, మీ అవ్వ గొంతు వినపడుతుంది." మేడం చదివి, అవ్వ కింద పెన్సిలుతో గీత గీసి, ఇది చాలు, పెట్టు అనింది.

అటెండరన్నది నారాయణవనం, మగ్గాలోళ్ళ ఇల్లు. ఆయనకి పుస్తకాలకన్నా సినిమా పిచ్చి. మా దగ్గర డీవీడీలు గానీ, చూపించడానికి టీవీ గానీ లేవు, అయినా మేడం సినిమాకి కూడా కార్డు రాయొచ్చు అనింది, పుస్తకం ఉండే చోట కార్డు ఒక్కటే నిలబెడితే సరిపోతుంది, వాళ్ళు ఇంటికి పొయ్యి చూసుకుంటారు. అన్న పెట్టింది 2019లో వచ్చిన "మల్లేశం". ఆసు అంటే నేసే ముందు నూలుని మేకుల చుట్టూ చేత్తో వేలసార్లు తిప్పే పని, అది పోసీ పోసీ చెయ్యి పట్టేసిన వాళ్ళమ్మని చూడలేక ఆసుయంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ, నిజంగా జరిగిందే, ఆయనకి 2017లో పద్మశ్రీ ఇచ్చినారు. ప్రియదర్శి వేసినాడు. ఆసు పోసేది పోచంపల్లి చీరలకి, నారాయణవనంలో ఆ పని ఉండదు. మరి నీకెందుకు అంత పట్టుకుంది అన్నా అని అడిగితే, మాయమ్మ కండెలు చుట్టేది గదమ్మా అన్నాడు. కుడి భుజం రాత్రుళ్ళు వేడినీళ్ళ గుడ్డ కాపితే గానీ నిద్ర పట్టేది కాదంట. ఆ సినిమాలో తల్లి చెయ్యి ఎత్తలేక ఇంకో చేత్తో పట్టుకునే చోట నేను హాల్లోంచి బయటికొచ్చేసినా, మళ్ళా ఇంకో రోజు పొయ్యి మిగతాది చూసినా అన్నాడు. ఆ మాటే కార్డు మీద రాయమన్నాం. ఆయన రాయలా. "మగ్గం చప్పుడు మధ్య పెరిగినోళ్ళు మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి" అని మాత్రం రాసినాడు, నాకు అదే ఎక్కువ అనిపించింది.

అన్న రెండో కార్డు పాతకాలం నటుడు, గాయకుడు చిత్తూరు నాగయ్య మీద. 1946లో వచ్చిన "త్యాగయ్య", 1947లో వచ్చిన "యోగి వేమన". మొదటిది ఆయనే డైరెక్ట్ చేసినాడు, రెండోది కె.వి.రెడ్డి. అన్న మొదట "మన చిత్తూరాయన నాగయ్య" అని రాసినాడు. మేడం, ఎక్కడ చదివినావు, చూపించు అనింది. ఒక మధ్యానం మొత్తం కూర్చుని వెతికినాం, చూస్తే ఆయన పుట్టింది గుంటూరు జిల్లా రేపల్లె వైపు. ఈ పక్కకొచ్చి, చిత్తూరులో రామవిలాస సభ వాళ్ళ నాటకాల్లో పాడి పేరు తెచ్చుకున్నాక చిత్తూరు ఇంటి పేరు లాగా అతుక్కుపోయింది. అన్నకి రవ్వంత దిగులైంది గానీ, కార్డు చింపి కొత్తది రాసినాడు: "పుట్టింది రేపల్లె పక్క. పేరులో పెట్టుకుంది మన చిత్తూరిని. అన్న కూతురు చచ్చిపోయినప్పుడు వేమన ఏడ్చే చోటు చూడండి, పాడతా ఉన్నాడా ఏడస్తా ఉన్నాడా చెప్పలేరు." ఇది చూసి ఒక పెద్దాయన, చిత్తూరు మిట్టూరు నుంచి తిరుపతికి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటాడంట, గంటసేపు నిలబడి అన్నతో నాగయ్య గురించే మాట్లాడినాడు. ఆ రోజు నుంచి ఆయన ప్రతి మంగళవారం వస్తాడు. పేపర్ చదువుకుంటాడు, రాక్ చూస్తాడు, పోతాడు.

తాత సంగతి రాయాలంటే కొంచెం నిదానంగా రాయాల. ఆయన చదవడు. సంతకం పెడతాడు, బస్సు బోర్డు చదువుతాడు, అంతే. నాకెందుకమ్మా కార్డు అన్నాడు. పాట చెప్పు తాతా, నేను రాస్తా అన్నా. ఆయన ఆలోచించను కూడా లేదు, "తందనానా ఆహి" అన్నాడు. అన్నమయ్య "బ్రహ్మమొక్కటే" కీర్తన. తిరుపతిలో పుట్టినోళ్ళకి ఆ పాట తెలీకుండా ఎట్లుంటుంది, మైకుల్లో, పెళ్ళిళ్ళలో, గోవిందరాజస్వామి గుడి వీధిలో క్యాసెట్ అంగళ్ళ ముందర, వినీ వినీ నేను దాంట్లో మాటలు పట్టించుకోవడమే మానేసినా. దాంట్లో నీకేం నచ్చింది తాతా అని షరతు ప్రకారం అడిగినా.

"నిద్ర గురించి ఉంది గదమ్మా దాంట్లో" అన్నాడు.

నిజంగానే ఉంది. రాజు పోయే నిద్రా, పక్కనే ఉండే బంటు పోయే నిద్రా రెండూ ఒకటే అంటాడు అన్నమయ్య. తాత ముప్పై ఏళ్ళుగా రాత్రి కాపలాలే, ముందు ఒక లాడ్జిలో, తర్వాత ఒక గోడౌన్లో, ఇప్పుడు మా దగ్గర. నిద్రపోయేవాళ్ళని కాపలా కాసే మనిషి ఆ వరస దగ్గర ఆగినాడు. నేను ఎన్ని వందల సార్లు విన్నా ఆగలేదు. కార్డు మీద ఆయన చెప్పినట్టే రాసినా: "రాజు నిద్ర, బంటు నిద్ర ఒకటే అని చెప్పే పాట. రాత్రి డ్యూటీ చేసేవాళ్ళు తెల్లారి ఇంటికి పొయ్యి పడుకునే ముందు వినండి." కింద తాత సంతకం పెట్టినాడు, పెట్టేటప్పుడు చెయ్యి ఒత్తి పెట్టినాడు, కార్డు వెనక తడిమితే అక్షరాలు తగులుతాయి.

ఆ కార్డు పెట్టినాక రుయా ఆసుపత్రి వైపు డ్యూటీ చేసే ఒక నర్సమ్మ ఫోన్లో దాన్ని ఫోటో తీసుకునింది. ఏం మాట్లాడలా, తీసుకుని పోయింది.

మేడం ఆ రోజే మాకు రాగిరేకుల సంగతి చెప్పింది. అన్నమయ్య 32 వేల కీర్తనలు రాసినాడంటారు, ఇప్పుడు మనకి ఉండేవి అందులో సగం కూడా లేవు. ఆ ఉండేవి కూడా తిరుమల గుళ్ళో ఒక చిన్న అరలో, రాగిరేకుల మీద చెక్కి, వందల ఏళ్ళు ఎవురూ పట్టించుకోకుండా ఉన్నాయి. పోయిన శతాబ్దంలో బయటికి తీసి చదివి అచ్చేసినారు, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు లాంటివాళ్ళు దాని మీద కూర్చున్నారు. రేకుల మీద కీర్తనకి రాగం పేరు ఉంది గానీ పాడే వరస లేదు. ఈ రోజు మనం పాడుకునే వరసలు చానా మటుకు రాళ్ళపల్లి గారు, నేదునూరి గారు, మన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు లాంటివాళ్ళు కట్టినవి. బాలకృష్ణప్రసాద్ గారు 2025 మార్చిలో పోయినారు, ఆ రోజు తాత డ్యూటీకి వచ్చి చానాసేపు ఎవురితోనూ మాట్లాడలా. మేడం చెప్పింది ఏందంటే, రేకులు ఎక్కడికీ పోలేదు, ఉండే చోటే ఉన్నాయి, వాటిని చూపించి ఇదిగో ఇది పాడుకోండి అనే మనిషి వచ్చేదాకా లేనట్టే ఉన్నాయి. మన 894.827 వరస కూడా అంతే కదా అనింది. నాకు రాత్రి ఇంటికొచ్చినా ఆ మాటే.

మేడం పెట్టింది మధురాంతకం నరేంద్ర గారి నవల "మనోధర్మపరాగం". 2022లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది దానికి. పాట పాడే దేవదాసీ ఇళ్ళ ఆడోళ్ళ కథ. కచేరీలో అప్పటికప్పుడు పాటగాళ్ళు మనసులోంచి పెంచుకుంటా పోతారే, రాగం, స్వరం, నెరవు, దాన్ని మనోధర్మం అంటారు, ఆ పేరు. మేడం కార్డు ఇట్లా ఉంది: "కచేరీ విని ఇంటికొచ్చినాక, ఆ పాడినామె వాళ్ళమ్మ ఎవరో అనుకునేవాళ్ళ కోసం. తొందర పడితే లోపలికి రానివ్వదు, మొదటి 50 పేజీలు ఓపిక పట్టండి." ఓపిక పట్టండి అని రాస్తే ఎవురు తీసుకుంటారు మేడం అన్నా. ముందే చెప్తే ఆగుతారు, చెప్పకుంటే ఇరవయ్యో పేజీలో మూసేసి మనల్ని నమ్మడం మానేస్తారు అనింది. పుస్తకం పక్కన ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారు పాడిన అన్నమయ్య కీర్తనలు వినమని ఇంకో కార్డు పెట్టింది. పూర్ణకుంభం సర్కిల్ దగ్గర ఎమ్మెస్ విగ్రహం ఉంది గదా, రోజూ దాని చుట్టూ తిరిగి బస్టాండుకి పోయే పిల్లోళ్ళలో ఆమె పాట కూర్చుని విన్నోళ్ళు ఎంతమంది.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాల. డిసెంబర్లో ఒకామె వచ్చింది, యాభై దాటి ఉంటాయి, బైరాగిపట్టెడ నుంచి నడిచి వస్తుంది. ఏదన్నా ఇయ్యమ్మా, మనసు బాగలేదు అనింది. నేను ఉషారుగా నా కార్డు పుస్తకమే తీసిచ్చినా, నా కార్డు మీద నాకు అంత మురిపెం అప్పుడు. పక్క రోజు పొద్దన్నే తెచ్చి టేబుల్ మీద పెట్టేసింది. "ఇందులో అమ్మ ఉందమ్మా, నేను చదవలేను. మాయమ్మ పొయ్యి పదైదు రోజులు" అనింది. నాకు నోట మాట రాలా. మనసు బాగలేదు అని ఆమె చెప్పింది, ఎందుకమ్మా అని ఒక్క మాట నేను అడగలేదు. అడిగుంటే చెప్పేది. ఆమెకి మేడం పాత "చందమామ" బైండు తీసిచ్చింది, 1960ల నాటివి, అట్ట ఊడిపోతే మా అన్న దారంతో కుట్టినవి. ఆమె ఇప్పటికీ అవే తీసుకుంటుంది, ఒకటి ఇచ్చి ఇంకోటి. నేను పెట్టిన పుస్తకం మళ్ళా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత నుంచి పుస్తకం ఇచ్చే ముందు అడగడం నేర్చుకున్నా. ఏ పుస్తకం కావాలి అని అడిగితే ఎవురూ చెప్పలేరు, తెలిస్తే వాళ్ళే తీసుకుంటారు గదా. చివరగా నీకు ఏది బాగా పట్టుకుంది, పుస్తకం కాకపోయినా పర్లేదు, సినిమా అయినా సీరియల్ అయినా, అని అడగాల. పేరు చెప్తారు. ఆ పేరు పట్టుకుని దాని లాంటిది ఇచ్చేస్తే సగం సార్లు తప్పే, దాంట్లో ఏం పట్టుకుందో అడిగితేనే అసలు సంగతి వస్తుంది. ఒక ఇంజనీరింగ్ పిల్లోడు హత్య సినిమా పేరు చెప్పినాడు, నేను నెత్తురు కథ కావాలేమో అనుకున్నా, అడిగితే "చివరిదాకా ఎవరు చేసినారో తెలీదక్కా, నేను కనిపెడదామని చూసినా, తప్పు చెప్పినా" అన్నాడు. వాడికి కావాల్సింది నెత్తురు కాదు, లెక్క. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఇచ్చినా, ఇప్పుడు వాడు నాలుగోదో ఐదోదో చదవతా ఉన్నాడు, ప్రతిసారీ చేసింది ఎవరో ముందే కనిపెట్టినాడా లేదా అని నాకు రిపోర్టు ఇస్తాడు. సాయంత్రం పూట పేపర్ చదవడానికి వచ్చే ఆటో అన్న ఒకాయన, మా తాత పేరు దాకా తెలుసు, వాళ్ళ నాయన పేరు తెలీదు మేడం అని మాటల్లో అన్నాడు, మా అటెండరన్న లేచిపొయ్యి అమెరికాలో ఒక నల్లాయన ఆఫ్రికా దాకా తన వంశం వెతుక్కుంటా పోయిన కథ, సహవాసి గారు తెలుగు చేసిన "ఏడు తరాలు" తెచ్చి చేతిలో పెట్టినాడు. దానికి కార్డు కూడా లేదు, అన్నకి గుర్తొచ్చింది అంతే. నెలన్నర పట్టింది ఆయనకి, మూడు సార్లు రెన్యువల్ చేయించుకున్నాడు, నేను ఫైన్ మాట ఎత్తలా.

రంగనాథన్ గారి సూత్రాలు లైబ్రరీ సైన్స్ చదివినోళ్ళందరం బట్టీ కొట్టినవే, 1931లో రాసినాడు, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. ఆయన లెక్కల అయ్యవారు, మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీకి వచ్చి ఇంత చేసినాడు. పరీక్షలో పది మార్కులకి రాసినా నేను. అవి పాఠకుడి కళ్ళలోకి చూసి అడగమని చెప్పే మాటలని ఆ పెద్దామె పుస్తకం తిరిగిచ్చిన రోజు అర్థమైంది.

ఇంగ హాల్లో పరీక్షల పిల్లోళ్ళ సంగతి. వాళ్ళకి కథ చదవమంటే తప్పు చేయమన్నట్టు చూస్తారు, టైం ఎక్కడిది అక్కా అంటారు, వాళ్ళ బాధ నాకు తెలుసు, ఇంట్లోవాళ్ళు వేరుశెనగ అమ్మిన డబ్బులు రూముకి కడతా ఉంటారు, మూడేళ్ళు నాలుగేళ్ళు అట్లనే కూర్చుని ఉంటారు. వాళ్ళని నవల చదవమని అనలేం. కానీ పదకొండుకి టీకి పోతారు, ఇరవై నిముషాలు. మా అన్నకే తట్టింది, టీ టైంలో అయిపొయ్యే కథలు పెడదామని. కింది అర మొత్తం కథల పుస్తకాలు పెట్టి, ఒక్కో కథకి ఒక కార్డు, నిముషాలు రాసి, ఆ పేజీలో పెట్టినాం. నిముషాలు అన్న తానే చదివి ఫోన్లో టైమర్ పెట్టుకుని లెక్కగట్టినాడు, ఆయన కూడబలుక్కుని చదువుతాడు కాబట్టి ఎవురికైనా అంతకన్నా తక్కువే పడుతుంది.

జనవరిలో ఒక పిల్లోడు ఆ అర దగ్గర నిలబడినాడు. సన్నగా ఉంటాడు, డీఎస్సీకి రెండోసారి రాస్తా ఉన్నాడు. చేతిలో మధురాంతకం రాజారాం గారి కథల పుస్తకం. ఏ ఊరు నాయనా అన్నా. దామలచెరువు దగ్గరక్కా అన్నాడు. నా గుండె ఝల్లుమంది. దామలచెరువు అంటే నీకేం తెలుసు అన్నా. మామిడికాయల మండీ, సీజన్లో లారీలు రోడ్డు మీద బారుగా నిలబడతాయి, మా నాయన కాయ అక్కడికే తోలతాడు అన్నాడు. నీ చేతిలో ఉండే పుస్తకం రాసినాయన ఆ దామలచెరువులోనే అయ్యవారుగా పనిచేసి కథలు రాసినాడు నాయనా, ఆ పుస్తకానికి 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, ఇందాక పై అరలో చూసినావే మనోధర్మపరాగం, అది రాసినాయన ఈయన కొడుకే అని చెప్పినా. వాడు అట్ట తిప్పి ఫోటో చూసినాడు. మళ్ళా లోపల చూసినాడు. "మా ఊరి పక్కనా?" అన్నాడు. "అయ్యవారా?" అన్నాడు. వాడు కూడా అయ్యవారు కావాలనే గదా చదవతా ఉంది.

టీకి పోలా ఆ రోజు. పేపర్ స్టాండు పక్కన నిలబడే "హాలికులు కుశలమా" చదివినాడు. కూర్చోమంటే కూర్చోలా, కూర్చుంటే సీటు పోతుందనో ఏమో, కుడికాలు ఎడమకాలు మార్చుకుంటా అట్లనే. అయిపోయినాక కార్డు పేజీలో పెట్టి, పుస్తకం అరలో పెట్టి, మళ్ళా తీసి, "ఇంటికి ఇస్తారా అక్కా?" అన్నాడు. రెండేళ్ళుగా రోజూ వచ్చే పిల్లోడికి మెంబర్‌షిప్ కార్డు లేదు. హాలుకి వచ్చేవాళ్ళు చానామంది అంతే, పుస్తకం ఇంటికి తీసుకపోవచ్చు అనే సంగతే వాళ్ళకి తెలీదు. ఇంటిపన్ను మీద లైబ్రరీ సెస్సు అని 1960 నుంచి చట్టంలోనే ఉంది, తిరుపతిలో సొంతిల్లు ఉండే ప్రతి మనిషీ కడతా ఉన్నాడు, అద్దెకుండేవాళ్ళు బాడుగలో కడతా ఉన్నారు, ఆ పుస్తకాలు మీవే అని నేను కౌంటర్లో కూర్చుని ఒక్కరికన్నా చెప్పినానా ఇన్నేళ్ళలో. ఇప్పుడు చెప్తా ఉన్నా. ఫారం నింపించి, డిపాజిట్ మా అన్న అప్పు పెట్టినాడు, వారం లోపల తెచ్చిచ్చేసినాడు పిల్లోడు.

కొత్త పుస్తకాలు రావడం చానా తగ్గింది మాకు, పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఇద్దరు చేసే పని నేనొక్కదాన్నే చేస్తా ఉన్నా, దాని గురించి వేరే రాయాల, కోపం వస్తుంది, ఇక్కడ వద్దు. రాక్‌కి మాత్రం రూపాయి ఖర్చు కాలా. ఉండే పుస్తకాలు, పాత కార్డులు, పెన్ను. మీ ఊరి లైబ్రరీలో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక్క అర ఖాళీ చెయ్యండి. మొదట మీ వాచ్‌మన్‌ని అడగండి.

పోయిన వారం ఆ దామలచెరువు పిల్లోడు ఒక ఖాళీ కార్డు ఇమ్మని అడిగినాడు. సిబ్బందివే పెడతాం గదా, బయటోళ్ళవి పెట్టొచ్చా అని మేడంని అడిగినా, ఆమె బీరువా తీసి ఒక కట్ట మొత్తం కౌంటర్ మీద పెట్టేసింది. వాడు ముందు చిత్తుకాగితం మీద రాసుకుని, రెండు సార్లు కొట్టేసి, తర్వాత కార్డు మీదకి ఎక్కించినాడు, టీచరు చేతిరాత, గుండ్రంగా, గీత పెట్టినట్టు. "హాలికులు కుశలమా. అన్న 25 నిముషాలు అని రాసినాడు, నాకు 17 పట్టింది. మామిడికాయ మండీకి తోలే ఇంటి పిల్లోళ్ళ కోసం. టీ ముందే తాగేసి రండి, మధ్యలో చల్లారిపోతుంది."

అన్న చదివి, జేబులోంచి పెన్ను తీసి తన కార్డు మీద 25 కొట్టేసి 17 అని రాసినాడు.